పాత అల్మరాలో దొరికిన హెచ్‌ఎంపీటీ సీసా: వాడొచ్చా, పారేయాలా?

కొత్త_కుప్పె

అందరికీ నమస్తే. పీహెచ్‌డీలో చేరి ఏడు నెలలైంది. ఒక ఎస్టర్‌ని ఆల్కైలేట్ చేయాలి (దానికి ఒక కార్బన్ గుంపు అతికించాలి). ఎల్‌డీఏ అనే బలమైన క్షారం, టీహెచ్‌ఎఫ్ అనే సాల్వెంట్, మైనస్ 78 డిగ్రీలు. పేపర్లో వీటితో పాటు హెచ్‌ఎంపీఏ (లిథియంని పట్టుకుని రియాక్షన్‌కి ఊతమిచ్చే సాల్వెంట్) నాలుగు ఈక్వివలెంట్లు, అంటే ఎస్టర్ అణువు ఒక్కోదానికి నాలుగు చొప్పున, వేయమని ఉంది. సాల్వెంట్ల అల్మరా వెనక వరసలో ఒక బ్రౌన్ సీసా దొరికింది. లేబుల్ సగం చెరిగిపోయి "హెచ్‌ఎంపీటీ" అన్న అక్షరాలు మాత్రం మిగిలాయి. రెండూ ఒకటేనని మా సీనియర్ అన్నాడు. "ఏం కాదు, మండదు, పొగరాదు, వాసన కూడా ఉండదు, వేసేయ్" అన్నాడు కూడా.

ఇంటికెళ్లి హెచ్‌ఎంపీఏ ఎస్‌డీఎస్ (భద్రతా సమాచార పత్రం) తెరిచాను. ఎలుకకు నోటి ద్వారా ఇస్తే ఎల్‌డీ50 (సగం ఎలుకలు చచ్చే మోతాదు) కిలో బరువుకి సుమారు 2,500 మిల్లీగ్రాములట. మామూలు ఉప్పుకే 3,000 కదా, అంటే దాదాపు ఉప్పంత! కానీ అదే కాగితం మీద "క్యాన్సర్ కలిగించవచ్చు, జన్యులోపాలు కలిగించవచ్చు" అనీ ఉంది. ఏది నమ్మాలి? పైగా ఇది ఆర్గానోఫాస్ఫరస్ కదా, పురుగుమందుల్లాగా నరాల మీద పనిచేస్తుందా? అట్రోపిన్ లాంటి విరుగుడు దగ్గర పెట్టుకోవాలా? నిజం చెప్పాలంటే రెండు రోజులుగా టెన్షన్‌గా ఉంది.

మైనస్78

ముందు ఆ సీసా మూత తీయకండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ఎలుకల_డాక్టర్

తమ్ముడూ, చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ పొరపాటు చాలామంది చేస్తారు. ఫాస్ఫరస్ ఉన్నంత మాత్రాన ప్రతిదీ పురుగుమందులా పనిచేయదు. పురుగుమందుల్లోని ఆర్గానోఫాస్ఫేట్లు అసిటైల్‌కోలిన్‌ఎస్టరేజ్ అనే ఎంజైమ్‌ని పట్టుకుంటాయి. అలా పట్టుకోవాలంటే ఫాస్ఫరస్ మీద సులువుగా ఊడిపోయే గుంపు ఒకటి ఉండాలి. అది ఊడిపోతుంది, దాని చోట ఎంజైమ్‌లోని సెరీన్ అతుక్కుంటుంది. హెచ్‌ఎంపీఏలో ఫాస్ఫరస్‌కి ఒక ఆక్సిజన్, మూడు డైమిథైల్‌అమైనో గుంపులు. ఆ మూడూ గట్టిగా కూర్చుని ఉంటాయి, అంత తేలిగ్గా కదలవు. కాబట్టి చొంగ కారడం, కంటిపాప సూదిమొనంత కావడం, కండరాలు అదరడం లాంటివి దీని లక్షణాలు కావు. అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ దీనికి విరుగుడూ కాదు.

అసలు చిక్కు అక్కడే ఉంది. దీనికి విరుగుడు అంటూ ఏదీ లేదు. ఒంటికి తగిలినా ఆ రోజు ఏమీ తెలియదు. మంట ఉండదు, దద్దురు రాదు, తల తిరగదు.

ఎల్‌డీ50 గురించి ఒక మాట. ఒకేసారి ఎంత మింగితే సగం జంతువులు చస్తాయో చెప్పే అంకె అది. రోజూ కొద్దికొద్దిగా పీలిస్తే ఏమవుతుందో ఆ అంకెకు తెలియదు. ఉప్పుతో పోల్చారు కదా, ఉప్పు గాలిలోకి లేచి మీ ముక్కులోకి రాదు.

పాత_బ్యూరెట్

నేను ఎనభైల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసినవాణ్ని. మేం దీన్ని మామూలు సాల్వెంట్‌లా గాజు సిలిండర్లో కొలిచి పోసేవాళ్లం. గ్లవ్స్ లేవు, హుడ్‌లో (ఆవిర్లను బయటికి లాగే పెట్టెలో) ఫ్యాన్ తిరిగేది కాదు. ఇదిగో నలభై ఏళ్లయింది, బాగానే ఉన్నాను. ఈ కాలం పిల్లలు ఎస్‌డీఎస్ చదివి భయపడటం తప్ప రియాక్షన్లు చేయడం మానేశారు. ఐఏఆర్‌సీ (అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ) దీన్ని పెట్టింది 2బీలో, అంటే "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉంది" అన్న వర్గంలో. అదే 2బీలో కలబంద మొత్తం ఆకు రసం కూడా ఉంది. మరి దానికి కూడా గ్లవ్స్ వేసుకుంటారా?

చూసిపోయేవాడు

కలబంద దగ్గర నవ్వాగలేదు సర్.

ఎలుకల_డాక్టర్

బ్యూరెట్ గారూ, మీరు ఆరోగ్యంగా ఉన్నందుకు నిజంగా సంతోషం. కానీ ఆ పోలిక నిలబడదు. ఐఏఆర్‌సీ వర్గాలు సాక్ష్యం ఎంత గట్టిగా ఉందో చెబుతాయి, పదార్థం ఎంత తీవ్రమైనదో కాదు. హెచ్‌ఎంపీఏ 2బీలో ఆగిపోయింది ఎందుకంటే మనుషుల మీద సమాచారం లేదు. జంతువుల మీద ఉన్న సాక్ష్యం సరిపోతుందనే ఐఏఆర్‌సీ చెప్పింది. యూరప్ వర్గీకరణలో ఇది 1బీ క్యాన్సర్‌కారకం, 1బీ మ్యుటాజెన్ (జన్యువుల్ని దెబ్బతీసేది). అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ క్యాన్సర్‌కారకాల జాబితాలోనూ ఉంది.

ఎలుకల కథ చెబుతాను. 1975లో డ్యూపాంట్ వాళ్లు ఒక ప్రయోగంలో ఎలుకలకు ముక్కు లోపల కణుతులు వస్తున్నాయని బయటపెట్టారు. మామూలుగా ఎలుకకు ముక్కులో క్యాన్సర్ రావడమే అరుదు. 1982లో పూర్తి వివరాలు ప్రచురించారు. గాలిలో 10, 50, 100, 400, 4000 పీపీబీ చొప్పున రోజుకు ఆరు గంటలు, వారానికి ఐదు రోజులు పీల్పించారు. పీపీఎం కాదు, పీపీబీ, అంటే వంద కోట్లలో వంతు. 10 దగ్గర రెండేళ్లలో కణుతులు కనబడలేదు. 50 దగ్గర మొదలయ్యాయి. 400 నుంచి పైన ఎక్కువ శాతం ఎలుకలకు వచ్చాయి. 4000 పీల్చినవాటికి ఏడాది కూడా పట్టలేదు.

ముక్కులోనే ఎందుకు? ముక్కు లోపలి పొరలో ఉండే పీ450 ఎంజైములు ఈ డైమిథైల్‌అమైనో గుంపుల నుంచి ఒక్కో మిథైల్‌ని తీసేస్తాయి. ఆ తీసేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ పుడుతుంది. అక్కడికక్కడే, కణం లోపలే. మనిషి ముక్కు ఎలుక ముక్కు ఒకటి కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ తేడా మీద పందెం కాసే పని నేను చేయను.

మైనస్78

ఆ 50 పీపీబీ అంటే ఎంతో లెక్క వేస్తే కళ్లు తెరుచుకుంటాయి. 20 డిగ్రీల దగ్గర దీని ఆవిరి పీడనం దాదాపు 0.03 మిల్లీమీటర్ల పాదరసం. చాలా తక్కువే. మరిగేది 232 డిగ్రీల దగ్గర. "ఆవిరవదులే" అనుకునేది ఇందుకే. 0.03ని 760తో భాగించండి: సుమారు 39 పీపీఎం, అంటే 39,000 పీపీబీ. మూతపెట్టిన సీసాలో ద్రవం పైన ఉండే గాలి, ఆ 50 పీపీబీకి దాదాపు 800 రెట్లు.

ఇంకోలా చూద్దాం. అరవై ఘనమీటర్ల గది అనుకోండి, కిటికీలు మూసి, ఫ్యాన్లు లేకుండా. 50 పీపీబీకి చేరాలంటే 22 మిల్లీగ్రాములు ఆవిరైతే చాలు. ఒక చుక్క బరువు దాదాపు 50 మిల్లీగ్రాములు. చుక్కలో సగం కూడా అక్కర్లేదు.

గాలి మారే గదిలో అంత నిలవదు, ఎలుకలు పీల్చింది నెలల తరబడి, ఇవన్నీ నిజమే. ఒక్కసారి ఒక చుక్క పడితే కొంప మునిగిందని నేననడం లేదు. కానీ బెంచి మీద కొలిచి పోయడం, వాడిన సిరింజిని బయట ట్రేలో వదిలేయడం, తడిసిన టిష్యూని మామూలు చెత్తబుట్టలో వేయడం: ఇవన్నీ రోజూ చేస్తే ఆ గదిలో అందరూ ఆ ఎలుకల్లా పీలుస్తున్నట్టే.

నీలిజ్వాల

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా ల్యాబ్‌లో సమేరియం అయోడైడ్ రియాక్షన్లలో హెచ్‌ఎంపీఏ వాడతారు. నేను స్వయంగా వాడను, పక్క హుడ్‌లో ఉంటాను. నాకు మూడో నెల. ఇంకా ల్యాబ్‌లో ఎవరికీ చెప్పలేదు. ఆగొచ్చా, వెంటనే చెప్పాలా?

ఎలుకల_డాక్టర్

వెంటనే చెప్పమ్మా. ల్యాబ్ మొత్తానికి చెప్పనక్కర్లేదు, సేఫ్టీ ఆఫీసర్‌కో గైడ్‌కో చెబితే చాలు. మీ డాక్టర్‌కి కూడా కెమికల్ పూర్తి పేరు రాసి ఇవ్వండి. ఇది మ్యుటాజెన్. మగ ఎలుకల్లో వృషణాలు కుంచించుకుపోవడం చూశారు. 1960ల్లో ఈగల్ని గొడ్డుబోయేలా చేయడానికి దీన్ని పరీక్షించారంటే ఊహించుకోండి. పక్క హుడ్ సరిగ్గా లాగుతుంటే మీకు తగిలింది దాదాపు ఏమీ ఉండకపోవచ్చు, గాభరా పడకండి. కానీ ఇకనుంచి ఆ రియాక్షన్ నడిచే గదిలో మీరు ఉండనక్కర్లేదు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న మగవాళ్లు కూడా ఇది చదివి వదిలేయకండి.

నీలిజ్వాల

థాంక్యూ మేడమ్. రేపు పొద్దున్నే చెబుతాను.

తెల్లకోటు

నేను సేఫ్టీ పనే చేస్తాను, ల్యాబులు తిరుగుతూ జనంతో తిట్లు తినే ఉద్యోగం. వాడక తప్పదనుకున్నవాళ్ల కోసం నేను చూసిన తప్పులు రాస్తున్నాను.

అందరికంటే ముందు గ్లవ్స్. పల్చటి నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని "నేను భద్రం" అనుకుంటారు. అవి చిందిన చుక్కను క్షణకాలం ఆపుతాయి, అంతే. ఇది చర్మంలోంచి కూడా లోపలికి పోతుంది. మందమైన బ్యూటైల్ రబ్బరు గ్లవ్స్ వేసుకోండి, లోపల ఇంకో జత. చుక్క పడిందనుకున్న క్షణమే తీసేయండి, "ఈ ఒక్క రియేజెంట్ వేయడం అయ్యాక" అనొద్దు. గడియారం తోలు పట్టీ, తోలు బూట్లు తడిస్తే కడిగి లాభం లేదు, వాటినీ వేస్ట్‌లోనే వేయాలి. గుడ్డ మాస్కూ, సర్జికల్ మాస్కూ ఆవిరిని ఆపవు. హుడ్ ఒక్కటే దిక్కు. పని మొదలుపెట్టే ముందు ఒక టిష్యూ పీలిక కట్టి గాలి లోపలికే పోతోందో లేదో చూడండి. హుడ్ నిండా సీసాలు పేర్చుకుంటే అది హుడ్ కాదు, అల్మరా.

పెద్ద సీసా కొనొద్దు. సెప్టంతో (సూది గుచ్చే రబ్బరు మూతతో) వచ్చే చిన్న సీసా, ముందే డ్రై చేసింది కొనండి. తేమ తీయడానికి క్యాల్షియం హైడ్రైడ్ మీద వాక్యూమ్‌లో డిస్టిల్ చేసే పాత అలవాటు మానేయాలి. ఎక్కడైనా అది జరుగుతుంటే నేను మొదట చూసేది పంపు గొట్టం ఎటు పోతోందని. ఒకచోట అది నేరుగా గదిలోకే ఉంది, పక్కనే ఒకాయన కుర్చీ వేసుకుని నోట్‌బుక్ రాసుకుంటున్నాడు! కోల్డ్ ట్రాప్‌లో (ఆవిరిని చల్లబరిచి పట్టే గాజు పాత్రలో) పట్టుకున్నది కూడా హెచ్‌ఎంపీఏనే, దాన్ని ఉత్త చేతులతో ఊడదీసి సింకులో కడగొద్దు.

సూదికి మూత మళ్లీ పెట్టొద్దు. గుచ్చుకుంటే అది నేరుగా రక్తంలోకే. అన్నట్టు ఇది 7 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి "గట్టిపడింది" అని హాట్ గన్‌తో వేడిచేసిన మహానుభావులున్నారు. గది ఉష్ణోగ్రతలో వదిలేస్తే అదే కరుగుతుంది.

హుడ్ లోపల కొద్దిగా ఒలికితే వర్మిక్యులైట్‌తో పీల్పించి, రెండు సంచుల్లో కట్టి, పేరు రాయండి. నీళ్లలో పూర్తిగా కలుస్తుంది కాబట్టి ఆ చోటును సబ్బునీళ్లతో తుడవండి, ఆ గుడ్డలు కూడా అదే సంచిలోకి. హుడ్ బయట ఒలికితే అందరూ బయటకు రండి, తలుపు మూయండి, మాకు ఫోన్ చేయండి. చర్మానికి తగిలితే బట్టలు తీసేసి పదిహేను నిమిషాలు నీళ్లు. సిగ్గుపడే సమయం కాదది.

పెప్టైడ్_పిల్ల

హమ్మయ్య, మా ల్యాబ్‌లో హెచ్‌ఎంపీఏ సీసానే లేదు.

మైనస్78

కప్లింగ్‌కి, అంటే అమైనో ఆమ్లాల్ని అతికించడానికి, ఏం వాడతారు?

పెప్టైడ్_పిల్ల

డీఐసీ అనే రియేజెంట్ ఎక్కువగా. కష్టమైన చోట బాప్ అనేది. ఎందుకలా అడిగారు?

మైనస్78

అయితే మీ దగ్గర హెచ్‌ఎంపీఏ ఉంది. మీరే తయారు చేసుకుంటున్నారు.

బాప్‌లో ఫాస్ఫోనియం మీద ఉన్నది మూడు డైమిథైల్‌అమైనో గుంపులు. ఆమ్లంలోని ఆక్సిజన్‌ని అది లాక్కున్నాక మిగిలేది సరిగ్గా హెచ్‌ఎంపీఏ. అణువుకు అణువు. బాప్ అణుభారం 442, హెచ్‌ఎంపీఏది 179. ఒక గ్రాము బాప్ పూర్తిగా ఖర్చయితే 0.4 గ్రాముల హెచ్‌ఎంపీఏ మీ ఫ్లాస్కులో, తర్వాత మీ వేస్ట్ డబ్బాలో. కాస్ట్రో అనే రసాయన శాస్త్రవేత్త బృందం 1975లో బాప్ తెచ్చింది. అదే బృందం 1990లో డైమిథైల్‌అమైన్ బదులు పైరోలిడిన్ పెట్టి పైబాప్ తెచ్చింది. దాని నుంచి హెచ్‌ఎంపీఏ రాదు. కప్లింగ్‌లో మీకు నష్టమేమీ ఉండదు.

పెప్టైడ్_పిల్ల

అయ్య బాబోయ్. మూడేళ్లుగా ఆ రెసిన్ (పెప్టైడ్‌ని పెంచే పూసలు) కడిగిన డీఎంఎఫ్ సాల్వెంట్‌ని మామూలు వేస్ట్ డబ్బాలో పోస్తున్నాం. సీసా మీద ఇది రాయరేం?

తెల్లకోటు

సీసాలో ఉన్నదాని గురించి రాస్తారమ్మా, అది రియాక్షన్ అయ్యాక ఏమవుతుందో రాయరు. ఆ డబ్బా మీద ఇవాళే హెచ్‌ఎంపీఏ పూర్తి పేరు రాసి అంటించండి. ఎత్తుకెళ్లేవాళ్లకు తెలియాలి.

కొత్త_కుప్పె

ఇన్ని తెలిశాక దాని జోలికి పోవాలనిపించడం లేదు. దీనికి బదులు వాడే డీఎంపీయూ అనే సాల్వెంట్‌తో అదే ఫలితం వస్తుందా? ఒకవేళ హెచ్‌ఎంపీఏనే వాడాల్సి వస్తే, ప్రొడక్ట్‌లోంచి అది పూర్తిగా పోయిందని ఎలా తెలుస్తుంది?

మైనస్78

రెండో ప్రశ్న ముందు. రోటాలో (సాల్వెంట్లను ఆవిరిచేసి తీసే యంత్రంలో) పోదు, మరిగేది 232 డిగ్రీల దగ్గరని చెప్పానుగా. నీళ్లతో కడగాలి, ఈథర్ పొరలోంచి నాలుగైదు సార్లు. వర్కప్‌కి (రియాక్షన్ తర్వాతి కడుగుడికి) డీసీఎం (డైక్లోరోమీథేన్), క్లోరోఫాం వాడకండి, హెచ్‌ఎంపీఏ వాటిని వదలదు, కడిగినా ఆర్గానిక్ పొరలోనే కూర్చుంటుంది. కడిగిన నీళ్లు సింకులోకి కాదు, వేస్ట్ డబ్బాలోకి. తర్వాత ప్రోటాన్ ఎన్‌ఎంఆర్ (అణువులోని హైడ్రోజన్లను చూపే పరీక్ష) చూడండి. క్లోరోఫాంలో 2.65 దగ్గర, 9.5 హెర్ట్జ్ తేడాతో ఒక చక్కని డబ్లెట్ (జంట గీత) కనబడుతుంది. ఫాస్ఫరస్ చీల్చిన మిథైళ్లవి. దాన్ని ఏ డైమిథైల్‌అమైన్ మలినమో అనుకుని వదిలేసినవాళ్లున్నారు. ఆ డబ్లెట్ ఉన్నంతవరకు ఆ క్రూడ్‌ని (ఇంకా శుద్ధి చేయని ప్రొడక్ట్‌ని), ఆ ట్యూబుని హెచ్‌ఎంపీఏ కిందే లెక్కించండి.

డీఎంపీయూ సంగతి. 1982లో జూరిచ్‌లో జేబాక్ బృందం హెచ్‌ఎంపీఏకి బదులుగా దీన్ని ముందుకు తెచ్చింది. లిథియంని పట్టుకునే బలం హెచ్‌ఎంపీఏ కంటే కొంచెం తక్కువ, కాబట్టి ఎక్కువ పాళ్లలో వేయాల్సి రావచ్చు. మైనస్ 78 దగ్గర చిక్కబడి స్టిర్రర్ నత్తనడక నడుస్తుంది. ఎస్టర్ ఆల్కైలేషన్‌లో చాలాసార్లు సరిపోతుంది. ఇది కూడా అమృతమేమీ కాదు, సంతానోత్పత్తికి హాని చేయవచ్చన్న హెచ్చరిక దీని మీదా ఉంది. గ్లవ్స్, హుడ్ మామూలే. సమేరియం అయోడైడ్ వాళ్ల బాధ వేరు. 1987లో ఇనానగా అనే రసాయన శాస్త్రవేత్త చూపించినప్పటి నుంచి అక్కడ హెచ్‌ఎంపీఏ వాడుతున్నారు, అది ఇచ్చే వేగం డీఎంపీయూ ఇవ్వదు. కొన్ని చోట్ల లిథియం బ్రోమైడ్‌తో, కొన్ని చోట్ల నీళ్లు, అమైన్ కలిపి నెట్టుకొస్తున్నారు.

అసలు ఏదీ లేకుండా ఒకసారి చేసి చూశారా? పేపర్లో ఉందని వేసేవాళ్లే ఎక్కువ.

పాత_బ్యూరెట్

ఒక మాట. "హెచ్‌ఎంపీటీ" అన్నావు బాబూ లేబుల్ మీద. మా రోజుల్లో ఆ పేరుతో రెండు పదార్థాలు తిరిగేవి. ఫాస్ఫోరిక్ ట్రైఅమైడ్‌నీ అలాగే అనేవారు, ఫాస్ఫరస్ ట్రైఅమైడ్‌నీ అలాగే అనేవారు. రెండోదానికి ఆ ఆక్సిజన్ ఉండదు. నీ సీనియర్ రెండూ ఒకటే అన్నాడు కదా, ఏ రెండో అడిగాడా? మూత దగ్గర ఏమైనా వాసన ఉందా? తీసి చూడకు, గుర్తుంటే చెప్పు.

కొత్త_కుప్పె

సర్, అల్మరా తెరిచినప్పుడు ఆ మూల చేపల వాసనలాంటిది వచ్చింది. ఇంకేదో సీసాది అనుకున్నాను. హుడ్‌లో పెట్టి, గ్లవ్స్‌తో లేబుల్ మళ్లీ చూశాను. అడుగున చిన్న అంకెలున్నాయి: 1608-26-, ఆ తర్వాతది చిరిగిపోయింది.

పాత_బ్యూరెట్

అదే. హెచ్‌ఎంపీఏ క్యాస్ నంబర్ (ప్రతి రసాయనానికీ ఉండే గుర్తింపు సంఖ్య) 680-31-9. నీది అది కాదు. చివరి అంకె లేకపోయినా ఫరవాలేదు, లెక్కకట్టొచ్చు. మిగిలిన అంకెల్ని కుడి నుంచి ఎడమకు 1, 2, 3 అంటూ గుణించి కూడాలి. 6×1, 2×2, 8×3, 0×4, 6×5, 1×6. మొత్తం 70. చివరి అంకె 0. అంటే 1608-26-0, ఫాస్ఫరస్ ట్రైఅమైడ్. నువ్వు దాన్ని వేసి ఉంటే నీ ఆల్కైల్ హాలైడ్‌ని అదే తినేసి ఫాస్ఫోనియం ఉప్పు చేసి కూర్చునేది.

ఎలుకల_డాక్టర్

బ్యూరెట్ గారికి దండం! ఇంకోటి కలపనివ్వండి. అది గాలి తగిలితే ఆక్సిజన్ పట్టుకుని హెచ్‌ఎంపీఏగానే మారుతుంది. ఎన్నేళ్లుగా మూత వదులుగా ఉందో తెలియని సీసా అది. లోపల ఎంత ఏదో ఎవరికీ తెలియదు. రెండూ ఉన్నట్టే అనుకుని పంపించేయండి.

పాత_బ్యూరెట్

దండాలెందుకమ్మా. నీ ముక్కు లెక్క చదివాక నేనూ మా పాత బ్యాచ్ వాళ్లకు ఫోన్ చేశాను, ఎవరెలా ఉన్నారోనని. ఇద్దరి నంబర్లు పనిచేయడం లేదు. దానికీ దీనికీ సంబంధం లేకపోవచ్చు. ఊరికే రాస్తున్నాను.

కొత్త_కుప్పె

పది రోజుల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి సారీ. సీసాని తెరవకుండా మూత చుట్టూ పారాఫిల్మ్ చుట్టి, వర్మిక్యులైట్ పోసిన డబ్బాలో పెట్టి, రెండు క్యాస్ నంబర్లూ రాసి వేస్ట్ వాళ్లకు ఇచ్చేశాం. మా సీనియర్ కాసేపు ముభావంగా ఉన్నాడు గానీ, డబ్బా మోసింది మాత్రం అతనే. మైనస్78 గారూ, మీరన్నట్టు ఏమీ వేయకుండా చేస్తే 38 శాతం ప్రొడక్ట్ వచ్చింది. డీఎంపీయూతో 66. పేపర్లో 74 ఉంది. మా గైడ్ 66 చాలు, ముందుకు వెళ్లమన్నారు.

అల్మరా వెనక వరసలో లేబుల్ లేని సీసాలు ఇంకో నాలుగున్నాయి. దానికి వేరే చర్చ మొదలుపెడతాను.

తెల్లకోటు

వాటిని కదపకుండా ముందు ఫొటో తీసి పెట్టండి.